నొప్పి లేని పన్ను

పంటి వేరులో బతికే బ్యాక్టీరియా మీద పని చేస్తున్నానంటే మొదట్లో మావాళ్లకు అర్థమయ్యేది కాదు. అయితే నువ్వు పళ్ల డాక్టరువా అనేవాళ్లు. కాదనేదాన్ని. మరి ఆ పురుగులకు మందు కనిపెడతావా అనేవాళ్లు. అదీ కాదనేదాన్ని. చివరికి అనంతపురంలో ఒక పెళ్లిలో మా పిన్ని నన్ను ఎవరికో పరిచయం చేస్తూ "మా పాప పాచిపండ్ల మీద పీహెచ్‌డీ చేస్తాంది" అనేసింది. ఆ మాట ఇంటిల్లిపాదికీ నచ్చింది. ఇక నేనూ దిద్దడం మానేశాను.

చెప్పుకోవడానికి అంత పెద్ద పనేమీ కాదు. ప్రతి పంటి లోపలా నరం ఉండే సన్నటి గొట్టం ఒకటి ఉంటుంది. పుచ్చో, పగులో, అరుగుదలో ఆ గొట్టం దాకా చేరిందంటే బ్యాక్టీరియా లోపలికి దిగి నరాన్ని చంపి, వేరు కొసన కాపురం పెడతాయి. అలాంటి పళ్లు కొన్ని మనిషిని కూర్చోనివ్వవు, పడుకోనివ్వవు. కొన్ని ఏళ్ల తరబడి కిక్కురుమనవు. ఏడిపించే పంటిలోనూ ఊరకుండే పంటిలోనూ ఉండేవి ఒకే రకం బ్యాక్టీరియానా, వేరువేరు రకాలా అన్నది మా ప్రశ్న.

తార్నాకలో ఒక పళ్ల డాక్టరమ్మ మాకు నమూనాలు ఇచ్చేది. రోగి ఒప్పుకుంటే, రూట్ కెనాల్ చేసేటప్పుడు ఆ గొట్టంలోకి సన్నటి కాగితపు పుల్ల దించి, తడిసిన పుల్లను చిన్న సీసాలో వేసి మూత బిగించేది. దాన్ని సంచిలో పెట్టుకుని ఆటోలో క్యాంపస్‌కు తీసుకుపోవడం నా పని. ఇవి గాలి తగిలితే చచ్చే రకం. గొర్రె నెత్తురు కలిపిన ప్లేటు మీద పూసి, గాలి తీసేసే జాడీలో పెట్టి మూత వేస్తే, లోపలున్న నీలం పట్టీ మెల్లగా తెల్లబడుతుంది. తెల్లబడితే లోపల ప్రాణవాయువు లేనట్టు. ఆ తర్వాత వారమో పది రోజులో ఎదురుచూడాలి. తొందరపడి మూత తీసినవాళ్లకు ఏమీ దక్కదు. మనుషులతో కన్నా జాడీలతో నాకు పొత్తు కుదరడానికి అదొక కారణం.

మాకు ఒక అనుమానం ఉండేది, అనుమానం అనేకన్నా ఆశ అనాలి. ఈ బ్యాక్టీరియాల్లో ఒక జాతి ఉంది. ప్లేటు మీద మొదట మీగడ రంగులో మొలిచి, తర్వాత మట్టి రంగుకు తిరిగి, చివరికి నల్లగా ఆవగింజల్లా అయి కూర్చుంటాయి. నొప్పి పుట్టించేవి ఇవేనని తేలితే మా పేపరు చక్కగా కుదురుతుంది. నొప్పి ఉన్న పళ్ల నుంచి తెచ్చిన మొదటి ప్లేట్లలో నల్ల చుక్కలు కనిపించినప్పుడు మా గైడు అందరికీ టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. తర్వాత నొప్పి లేని పళ్ల ప్లేట్లు తీశాం. వాటి మీదా నల్ల చుక్కలే. గైడు కళ్లద్దాలు తుడుచుకుని "మళ్లీ చేయండి" అన్నారు. మళ్లీ చేశాను. మళ్లీ అవే. ఈసారి టీ ఎవరి డబ్బులతో వాళ్లు తాగాం.

ఆ జాడీ మూత తీసినప్పుడు వచ్చే వాసన సంగతి చెప్పాలి. అది చేతికి, జుట్టుకు, చున్నీకి పడుతుంది. సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టగానే మా అత్తమ్మ ముక్కు చిట్లించేది.

"ఏం సదువు సదువుతున్నవో గానీ బిడ్డా, ఎలుక సచ్చినట్టు వాసనొస్తున్నది. ముందుగాల పోయి తానం చెయ్యి."

స్నానం చేసేదాకా నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. మాది తార్నాకలో మూడో అంతస్తు ఫ్లాటు. మా ఆయనా నేనూ క్యాంపస్‌లోనే ఒకరికొకరు పరిచయమై పెళ్లి చేసుకున్నాం. ఆయనది సిద్దిపేట వైపు రైతు కుటుంబం, ఇద్దరక్కల తర్వాత పుట్టిన ఆఖరివాడు. నాది అనంతపురం కావడంతో పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ మాటలు నాకు సగం, నా మాటలు ఆమెకు సగం అర్థమయ్యేవి. అందుకే మేం పోట్లాడుకోలేదని మా ఆయన నమ్మకం.

అత్తమ్మకు ఎడమ కన్ను లేదు. అంటే కన్నుంది, చూపు లేదు. మా ఆయన ఇంకా బడికి పోని వయసులో పోయిందట. అది ఎలా పోయిందో మా ఇంటికి వచ్చిన ప్రతివారికీ తెలుసు, ఎందుకంటే ఆమె చెప్పేది.

"మా ఇంటాయన నా పన్ను పీకిచ్చి కన్ను తీసిండు."

సంగతేమిటంటే, ఒక రోజు ఆమెకు పై వరస ఎడమ పక్కన పంటి నొప్పి లేచింది. మామ ఆమెను అంగడి దగ్గర పళ్లు పీకే ఆయన దగ్గరికి తీసుకుపోయాడు. పన్ను పీకించాక రెండు మూడు రోజుల్లో ఆ పక్క కన్ను కనిపించకుండా పోయింది. పై పన్ను పీకితే కంటి నరం తెగుతుందని ఊళ్లో అందరికీ తెలిసిన విషయమే కాబట్టి ఇంక విచారణ అక్కర్లేకపోయింది. దోషి మామ. పెళ్లయ్యాక కొన్నేళ్లు నేను ఆయన్ను చూశాను. నెమ్మదస్తుడు. అత్తమ్మ చుట్టాల ముందు ఈ మాట ఎత్తినప్పుడల్లా లేచి మంచినీళ్ల చెంబు పట్టుకుని లోపలికి పోయేవాడు. మా ఆయన వాళ్ల నాన్నతో అవసరమున్నంత మేరకే మాట్లాడేవాడు. కరెంటు బిల్లు, పొలం కౌలు, అంతే. మామ పోయినప్పుడు కూడా పెద్దగా ఏడవలేదు. నాకది వింతగా ఉండేది కానీ వాళ్లింటి వ్యవహారం అని ఊరుకున్నాను.

ఒంటి కన్నుతో అత్తమ్మ చేయని పని లేదు. నల్లకుంట మార్కెట్‌కు సిటీ బస్సులో ఒక్కతే పోయి వచ్చేది. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి బొంతలు కుట్టేది. అడిక్‌మెట్‌లో హాస్టళ్లలో ఉండే మా బంధువుల పిల్లలందరి కిందా ఆమె బొంతే. కుట్టు సన్నగా, చీమల బారులా పోయేది. దారం మాత్రం కత్తెరతో కత్తిరించేది కాదు. కుడివైపు కోరపన్నుకు ఆనించి టక్కున కొరికేది.

తర్వాత ఆ కుడి కంటికీ శుక్లం వచ్చింది. మొదట "సూదిల దారం ఎక్కియ్యి బిడ్డా" అని అప్పుడప్పుడు అడిగేది. నేను పొద్దున పోయే ముందు కొన్ని సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోయేదాన్ని. ఆ తర్వాత కుట్టు వంకర పోయింది. ఒకరోజు నల్లకుంట బస్సనుకుని ఏదో బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, ఎవరినో బతిమాలుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి గడప దాటలేదు. బొంత మడిచి అటక మీద పెట్టించింది. టీవీ ముందు కూర్చుని వినేది. ఆమె అలా కూర్చోవడం చూస్తే నాకు దిగులుగా ఉండేది. ఉన్నది ఒక్క కన్ను. అది పోతే ఆమెకు మరోటి లేదు.

కంటి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చూసి, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నాడు. అయితే ఆయనకొక పట్టింపు. ఆపరేషన్‌కు ముందు ఒంట్లో ఎక్కడా చీము ఉండకూడదు, ఉన్న ఒక్క కంటితో చెలగాటం వద్దు, పళ్ల డాక్టరు దగ్గర చూపించుకు రండి అన్నాడు. సరే, మన డాక్టరమ్మే కదా అని తీసుకుపోయాను.

డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి "మీరు కుట్టుపని చేస్తారా అమ్మా?" అంది. కుడి కోరపన్ను కొసన దారం పట్టేంత గాటు పడి ఉంది. కొరికి కొరికి అరిగి, గాటు లోపలి దాకా పోయింది. పన్ను రంగు మారి బూడిదగా ఉంది. పైన చిగురు మీద చిన్న పొక్కు. వేలితో నొక్కితే చీము చుక్క. ఎక్స్‌రేలో వేరు కొస చుట్టూ నల్లటి నీడ.

"నొప్పి ఉందా?" అని డాక్టరమ్మ అడిగింది. మా నమూనాలన్నింటికీ అడిగే మొదటి ప్రశ్న అది.

"నాకు నొస్తలేదు. ఎన్నడు నొయ్యలే," అంది అత్తమ్మ.

పన్ను ఉంచి రూట్ కెనాల్ చేస్తానని, పొక్కు దానంతటదే మానిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అత్తమ్మ కుర్చీలోంచి దిగి, కొంగు సర్దుకుని, చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. మెట్ల దగ్గర నాతో ఒక్క మాట అంది.

"నొయ్యని పంటికి మందేంది? కొరివితోటి తల గోక్కునుడు గాకపోతే."

ఆ తర్వాత ఇంట్లో జరిగినదాన్ని చర్చ అనలేను. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి విషయం విని అరిచాడు. "అమ్మా, గిది వేరు. నాయిన లెక్క అంగట్ల కూసోబెట్టి పీకిస్తలేం గదా" అన్నాడు. ఆ పోలికతో ఆమె ఇంకా బిగుసుకుంది. నేను శాస్త్రంతో నరుక్కొద్దామనుకున్నాను. నరం చచ్చిపోయిన పన్ను నొప్పి చెప్పదని, చెప్పకపోయినంత మాత్రాన లోపల ఏమీ లేదని కాదని, ఏళ్లుగా నేను చేసే పనే ఇదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. కాగితం మీద పన్ను బొమ్మ కూడా గీశాను. ఆమెకు కనపడదని గీశాక గుర్తొచ్చింది.

ఆమె ఓపికగా విని "ఊరకున్నంత ఉత్తమం లేదు బిడ్డా" అంది. ఆ సామెతలో రెండో సగం, బోడిగుండంత సుఖం లేదన్నది, నేను పూర్తి చేశాను. నవ్వింది గానీ ఒప్పుకోలేదు.

ఆమె మొండితనం వెనక ఒక లెక్క ఉందని నాకు తెలియడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. ఒక పొద్దున పళ్లు తోముకునే దగ్గర ఆమె పక్కన నిలబడ్డాను. ఆమె ఉప్పు, పసుపు అరచేతిలో వేసుకుని, చూపుడువేలితో చిగురు మీది పొక్కును గట్టిగా నొక్కి, ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించింది. అలవాటైన పని, ముఖం చూస్తే తెలుస్తుంది.

"రోజూ ఇలా చేస్తారా అత్తమ్మా?"

"రోజు చేస్త. గీ పొక్కు మంచిదే. ఒంట్ల వేడి గాడికెల్లి ఎల్లిపోతది. మీ డాక్టరమ్మ దాన్ని మూస్తనంటున్నది. మూస్తె వేడి యాడికి పోతది? పైకే ఎక్కుతది. కంట్లకు. గప్పుడు గట్లనే అయ్యింది. పన్ను పీకిన్రు, తొవ్వ బందయ్యింది, కన్ను పాయె. ఇగ ఒక్కటున్నది. దాన్ని గూడ తియ్యమంటవా?"

ఆమె చెప్పినదాంట్లో సగం మా పాఠ్యపుస్తకంలోనూ ఉంది. చీముకు బయటికి దారి దొరికితే ఒత్తిడి ఉండదు, ఒత్తిడి లేకపోతే నొప్పి ఉండదు. ఆ పన్ను ఏళ్ల తరబడి నోరెత్తకపోవడానికి కారణం ఆమె చూపుడువేలే. రెండో సగం, అంటే వేడి కంట్లోకి ఎక్కడం, శుద్ధ తప్పు. కానీ ఆమె దగ్గర దానికి సాక్ష్యం ఉంది. ఎడమ కన్నే సాక్ష్యం. నా దగ్గర ఉన్నవి ప్లేట్లు. తన కన్ను పోగొట్టుకున్న మనిషితో ప్లేట్లు చూపించి వాదించడం నాకు చేతకాలేదు. భయంతో ఉన్న మనిషిని మొండిదని అనుకున్నామే అని బాధ కూడా కలిగింది.

నాకు తోచింది ఒకటే. కుడి కన్ను గురించి ఎన్నిసార్లు మాట్లాడామో లెక్కలేదు గానీ, ఎడమ కన్ను ఎందుకు పోయిందని డాక్టరును ఎవరమూ అడగలేదు. జవాబు ఇంట్లోనే ఉందని అందరం అనుకున్నాం. పళ్ల సంగతి తర్వాత, ఊరికే కన్ను చూపించుకుందాం రమ్మని అత్తమ్మను ఒప్పించి మళ్లీ ఆసుపత్రికి తీసుకుపోయాను. మా ఆయనకు సెలవు దొరకలేదు.

డాక్టరు ఎడమ కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ఈ కన్ను పోయినప్పుడు బాగా తలనొప్పి వచ్చిందా అమ్మా?"

"వచ్చింది. తలకాయ పగిలిపోతదనుకున్న. గీ పక్కంత, చెంప, దవుడ, పండ్లు."

"వాంతులు?"

"అయినయి. ఏం తిన్న నిలవకపోయె."

"కన్ను ఎర్రబడిందా? దీపం చూస్తే చుట్టూ రంగులు కనిపించాయా?"

అత్తమ్మ ఆలోచించింది. "కందిలి సుట్టు సింగిడి కనవడ్డది," అంది.

డాక్టరుది కోస్తా వైపు. నా వైపు చూశాడు. లాంతరు చుట్టూ ఇంద్రధనుస్సు అని చెప్పాను.

"ఇవన్నీ పన్ను పీకక ముందా, పీకినాకా?"

"ముందే. గా నొప్పికే గదా పన్ను పీకిచ్చింది."

డాక్టరు తలాడించాడు. అది నీటికాసులు అన్నాడు. కంటి లోపలి నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి, ఉన్నట్టుండి ఒత్తిడి పెరిగి, నరాన్ని చంపేసింది. కంటికీ, దవడకూ, పై పళ్లకూ వెళ్లేవి ఒకే పెద్ద నరం కొమ్మలు కాబట్టి కన్ను నొచ్చినా పన్ను నొచ్చినట్టు అనిపిస్తుంది. పన్ను పీకినందుకు కన్ను పోలేదు, కన్ను పోతూ ఉంటే పన్ను పీకారు. అప్పుడే కంటి డాక్టరు దగ్గరికి వచ్చి ఉంటే నిలిచేదేమో. ఈ కుడి కంటిలోనూ ఆ దారి ఇరుకుగానే ఉంది, ముదిరిన శుక్లం దాన్ని ఇంకా నొక్కుతోంది, కాబట్టి ఆలస్యం చేయకండి అని, అప్పటిదాకా ఒత్తిడి పెరగకుండా చుక్కల మందు రాసిచ్చాడు.

ఆటోలో తిరిగి వస్తున్నాం. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ పడింది. పక్కన బస్సు కండక్టరు ఎవరితోనో చిల్లర కోసం గొడవ పడుతున్నాడు. మామూలుగా అయితే ఆమె ఆ గొడవలో ఒక పక్షం తీసుకునేది. ఆ రోజు చేతిసంచిని ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. నాకు సంతోషం కలగాలి. అనుకున్న జవాబు దొరికింది. కలగలేదు.

మర్నాడు పొద్దున నేను బయల్దేరుతుంటే తలుపు దగ్గరికి వచ్చింది.

"గా పన్ను మల్లెమొగ్గ లెక్క ఉండె బిడ్డా. పీకినాయన దూదిల పెట్టి నా చేతికిచ్చిండు. తెల్లగ, ఒక్క మచ్చ లేకుండె. పురుగు ఏడున్నదని అడిగిన. కనవడదు, లోపల ఉంటదన్నడు." నా సంచి అందించి అంది. "మీ డాక్టరమ్మ కాడికి ఎప్పుడు పోదం?"

ఆ వారమే పోయాం. నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను. సూది మందు వేశాక అత్తమ్మ పెదవి ఒక పక్కకు జారింది. డాక్టరమ్మ పంటిని వెనక నుంచి తెరిచింది. తెరిచిన క్షణంలో ఆ వాసన గదంతా పరుచుకుంది. నాకు పరిచయమైన వాసన. రోజూ జాడీ మూత తీస్తే వచ్చేది. అత్తమ్మ కన్ను నా వైపు తిరిగింది. చేత్తో డాక్టరమ్మను ఆపి, మొద్దుబారిన నోటితో ముద్దముద్దగా అంది.

"గిది నువ్వు రోజు ఇంటికి తెచ్చే వాసన గదనే."

డాక్టరమ్మ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుంది. నేను కూడా నవ్వాను. ఇన్నేళ్లు నన్ను వంటింట్లోకి రానీయకుండా స్నానానికి తరిమిన మనిషి, అదే వాసనను నోట్లో పెట్టుకుని నా ఎదురుగా ముక్కు చిట్లించింది. ఆ మాట ఆమెకు చెప్పాను కూడా. తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆమె ఒప్పుకుంది కాబట్టి కాగితపు పుల్ల సీసాలో వేయించుకుని క్యాంపస్‌కు తెచ్చాను. మిగతా అన్నిటిలాగే దానికీ ఒక అంకె వేశాను. నొప్పి ఉందా అన్నచోట లేదు అని రాశాను. ప్లేటు మీద పూసి జాడీలో పెట్టాను. నీలం పట్టీ తెల్లబడింది. ఎన్నో సీసాలు చేసినదాన్నే, ఆ రోజు మూత బిగిసిందో లేదో మళ్లీ రెండుసార్లు చూసుకున్నాను. ఎందుకో నాకే నవ్వొచ్చింది. ఆమె కన్ను ఆ జాడీలో లేదు కదా.

చికిత్స పూర్తయిన కొన్నాళ్లకు చిగురు మీది పొక్కు మానింది. అత్తమ్మ పొద్దున్నే వేలు పెట్టి వెతుక్కుని, దొరక్క, ఏం చేయాలో తోచక అలా నిలబడేది. వేడి ఎక్కడికి పోతోందని రెండు మూడు సార్లు నన్ను అడిగింది. కంటికి మాత్రం పోవడం లేదని చెప్పాను. నమ్మినట్టు తలూపేది, తర్వాత పోయి కన్ను నీళ్లతో కడుక్కునేది.

కంటి డాక్టరు చీము లేదని చూసుకుని ఆపరేషన్ చేశాడు. మర్నాడు పట్టీ విప్పుతున్నప్పుడు మా ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, గోళ్లు దిగాయి. అత్తమ్మ రెప్పలు కొట్టుకుంది. ముందు డాక్టరును చూసింది, తర్వాత కొడుకును చూసింది. "ఏందిరా, గింత నెరిసినవ్?" అంది. మా ఆయన అక్కడే ఏడ్చేశాడు. నాకూ కళ్లు తడిశాయి.

కన్ను కుదుటపడ్డాక ఆమె అడిగిన మొదటి కోరిక నన్ను ఆశ్చర్యపరిచింది. గుడీ కాదు, బజారూ కాదు. "నా పంట్ల ఉన్నయి ఏవో, అవ్వి చూపియ్యి," అంది. గైడును అడిగితే, మూత తీయకుండా అయితే చూపించమన్నారు. ఒక మధ్యాహ్నం ఆమెను క్యాంపస్‌కు తీసుకుపోయాను. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని చెట్ల కింద నడుస్తూ, బైకుల మీద పోయే పిల్లలను, గోడల మీద పోస్టర్లను, కుక్కలను అన్నింటినీ ఆగి ఆగి చూసింది. ప్రయోగశాలలో ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి రెండు ప్లేట్లు బల్ల మీద పెట్టాను. ఎర్రటి నేల మీద నల్ల చుక్కలు.

"ఇది మీది అత్తమ్మా. ఇది నొప్పితో ఏడ్చుకుంటూ వచ్చిన ఇంకొకాయనది."

ఆమె వంగి ఒకదాన్ని చూసింది. ఇంకొకదాన్ని చూసింది. ఎంతసేపు చూసినా తేడా దొరకలేదు.

"రెండు ఒక్క తీరే ఉన్నయి గదా."

"ఎందుకో అదే మాకూ తేలడం లేదు," అన్నాను.

"నొప్పిచ్చిందాంట్ల, నొప్పియ్యనిదాంట్ల ఇవ్వే. మరి నేను పీకిచ్చిన పంట్ల ఏముండె?"

"ఏమీ ఉండి ఉండదు."

ఆమె కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు నాకు స్ఫురించింది. ఇన్నేళ్లలో మొదటిసారి "నేను పీకిచ్చిన" అంది. "మీ మామ పీకిచ్చిన" అనలేదు. ప్లేట్లు జాడీలో సర్దేసి, చేతులు కడుక్కుని ఆమెను ఇంటికి తీసుకొచ్చాను. దారిలో బజ్జీలు కొనుక్కుందామంటే వద్దంది.

ఆ సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతున్నాడు. అత్తమ్మ అటక మీది బొంత దింపించుకుని ముందు గదిలో పరుచుకుంది. సూదిలో దారం తనే ఎక్కించుకుంది. తలెత్తకుండానే అంది.

"మీ నాయిన గా దినం కండ్ల దవాఖానకే పోదమన్నడు కొడుకా. పట్నం పొయ్యేటందుకు జీపు గూడ మాట్లాడిండు. నేనే వినలే. నొస్తున్నది పన్ను, నీకేం తెల్వదని లొల్లి వెట్టిన. అంగడి కాడికి నేనే గుంజుకపోయిన."

మా ఆయన ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని నిలబడిపోయాడు. వంటింట్లో కుక్కరు కూత వేసింది.

"మరి నాయిన ఒక్కసారన్న చెప్పలేదేందమ్మా? నువ్వు అందరి ముంగట గంత మాట అంటుంటే?"

ఆమె కుట్టు ముగించి, అలవాటు కొద్దీ దారాన్ని పంటి దగ్గరికి తీసుకుపోయి ఆగింది. నేను కత్తెర అందించాను. తీసుకుంది గానీ కత్తిరించలేదు.

"చెప్పలే. ఎన్నడు ఒక్క మాట అనలే," అంది. "నొస్తలేదేమో అనుకున్న కొడుకా."